గొర్రెల కొట్టంలో ఉరాల్

అక్టోబర్ 21

నాన్న ఇవాళ ఉరాల్ మోటారుసైకిల్ తాళంచెవి తమ్ముడు తురాత్‌కి ఇచ్చాడు. అందరం టీ తాగుతుంటే, నా గిన్నె మీదుగా చెయ్యి చాపి, నన్ను దాటించి, వాడి గిన్నె పక్కన పెట్టాడు. "ఈ చలికాలం బండి నువ్వే చూసుకోరా చిన్నోడా" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి కారణం కూడా చెప్పాడు. నాకు ట్రాక్టర్ పనితో తీరిక ఉండదట. తండ్రి ఎక్కడుంటే తండ్రి బండీ అక్కడే ఉండాలట.

సరే. ఇల్లు ఆఖరివాడికే, అది ఆచారం, నోరెత్తలేదు. గొర్రెలు ఆఖరివాడికే, ఆచారం, నోరెత్తలేదు. నాన్న వాడి పొయ్యి దగ్గరే ఉంటాడు, అదీ ఆచారమే. కానీ మోటారుసైకిల్‌కి ఆచారమేమిటి? తాతముత్తాతలు ఆచారాలు పెట్టేనాటికి మోటారుసైకిళ్లున్నాయా?

తురాత్ పెళ్లాం బురుల్ నా గిన్నెలో మళ్లీ టీ పోసింది. మరదలు మంచిదే. తాగకుండా లేచొచ్చాను.

అక్టోబర్ 22

నాకేం బాధ లేదు. పని తగ్గింది, అంతే.

అక్టోబర్ 30

తురాత్ బండి తీసుకెళ్లాడు.

మోకాలు పాడై నాన్న గుర్రం ఎక్కడం మానేసిన ఏడాది నుంచీ ఈ బండిని చలికాలం దాచింది నేను. వేసవి రాగానే దాని పక్కన బిగించిన తొట్టిలో నాన్నని కూర్చోబెట్టుకుని, వాగు దాటించి, కైరక్తి కనుమ మీదుగా కొండమీది పచ్చిక దాకా తీసుకెళ్లిందీ నేనే. జీపులు వాగు దగ్గరే ఆగిపోతాయి. ఊళ్లో మిగిలిన మూడు చక్రాల బండి ఇదొక్కటే. అది లేకపోతే నాన్నకి కొండ లేదు.

నాన్నకి బండి ఎక్కడం తెలుసు, దాన్ని దాచడం తెలీదు. సెప్టెంబర్‌లో దిగుతాడు, మే నెలలో ఎక్కుతాడు, మధ్యలో అది ఎలుగుబంటిలా దానంతటదే పడుకుని లేస్తుందనుకుంటాడు. నేనేం చేస్తున్నానో ఒక్కసారైనా పాకలోకి తొంగిచూడలేదు. ట్యాంకు అంచుదాకా నింపాలి, వెలితి ఉంటే లోపల చెమ్మ పట్టి తుప్పు లేస్తుంది. ప్లగ్గులు ఊడదీసి కన్నాల్లో కాస్త ఆయిల్ పొయ్యాలి. సైలెన్సర్ల నోట్లో నూనెగుడ్డ కుక్కాలి. బ్యాటరీ తీసి ఇంట్లో పెట్టుకోవాలి. చక్రాలు నేలకి ఆనకుండా దుంగల మీద నిలబెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, చోటు పొడిగా ఉండాలి. చలి ఎంతున్నా ఫరవాలేదు, ఇనుముకి చలి వెయ్యదు. దానికి పడనిది చెమ్మ.

వీటిలో ఒక్కటి కూడా తురాత్ అడగలేదు. నా పాక చుట్టూ చూసి, "పలకల సందుల్లోంచి గాలి కొడుతోంది కదన్నా, ఇన్నేళ్లూ పాపం ఇందులోనే వణికిందా ఇది?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఏడవలేక నవ్వడమంటే అదే.

బండి మీద కప్పే పట్టా ఉంటే ఇమ్మన్నాడు. చిరిగిపోయిందన్నాను.

చిరగలేదు.

నవంబర్ 9

మొదటి మంచు. పొద్దున్నే లేచి, అలవాటు కొద్దీ పాక తలుపు తీశాను. లోపల నాలుగు దుంగలు, ఎండిన ఆయిల్ మరక. సైరా పాలు పితికి వస్తూ నన్ను చూసింది. "రెండో పెళ్లాం పుట్టింటికి వెళ్లినట్టు ఏంటా ముఖం?" అంది.

దుంగలు పొయ్యిలోకి పనికొస్తాయేమో చూస్తున్నానని చెప్పాను. ఆవిడ నమ్మలేదు. ఇన్నేళ్ల కాపురంలో నేను చెప్పిందేదీ ఆవిడ మొదటిసారికి నమ్మలేదు.

డిసెంబర్ 4

తురాత్ ఇంట్లో చలికాలానికి గుర్రాన్ని కోశారు. చుట్టాలంతా వచ్చారు. మాంసం వయసు ప్రకారమే పంచారు. నా వయసుకి తగ్గ తొడ ఎముక నాకు వచ్చింది, అందులో ఎవరినీ అనడానికి లేదు. కానీ తర్వాత నాన్న కొవ్వూ కాలేయం కలిపి చేత్తో ముద్ద చేసి, "రారా" అని తురాత్‌ని పిలిచి నోట్లో పెట్టాడు. వాడు గొర్రెపిల్లలా మెడ చాచి తిన్నాడు. అందరూ నవ్వారు. నేను చేతులు చూసుకుంటూ ఉండిపోయాను. నాన్న ఇటు చూస్తాడని, నాక్కూడా ఒక ముద్ద వస్తుందని. నలభై ఏడేళ్లవాణ్ని, నాకు మనవడు పుట్టబోతున్నాడు, ముద్ద కోసం కళ్లలో నిప్పులు పోసుకున్నాను. ఇది ఎవరికీ చెప్పలేను కనక ఇక్కడ రాస్తున్నాను.

భోజనాలయ్యాక తురాత్ నన్ను కొట్టంలోకి తీసుకెళ్లాడు. బండిని గొర్రెల మధ్య పెట్టాడు.

ఈనబోయే గొర్రెలన్నీ అక్కడే ఉన్నాయి. లోపలికి వెళ్లగానే వాటి ఊపిరీ, ఉచ్చ వాసనా వేడిగా ముఖానికి కొట్టాయి. గోడలు తడి. పైదూలం నుంచి చుక్కలు కారుతున్నాయి. కంబళి తీసి చూపించాడు. ట్యాంకు మీద, హ్యాండిల్ మీద, ఇంజన్ మీద దట్టంగా గొర్రె తోక కొవ్వు పూసి ఉంది. జీనుకీ కళ్లేలకీ పూసినట్టు పూశాడు, తోలు పగలకుండా ఉండాలని. ఇనుముకి తోలు వైద్యం. సైలెన్సర్ల నోళ్లు బార్లా తెరిచే ఉన్నాయి. ట్యాంకు తట్టి చూశాను, సగం ఖాళీ.

"నీ పాకలో వణికిపోయేది కదా. ఇప్పుడు చూడన్నా, పురిటి గొర్రెలా చూసుకుంటున్నా" అన్నాడు.

నేను ట్యాంకు కింద వేలు పెట్టి రుద్దాను. కొవ్వు కింద నీళ్లు. వేలు కోటుకి తుడుచుకున్నాను.

"వెచ్చగానే ఉంది" అన్నాను. తర్వాత ఇంట్లోకి వెళ్లి టీ తాగాం.

డిసెంబర్ 5

వాడు అడగలేదు. చూపించాడు. అడగడం వేరు, చూపించడం వేరు.

డిసెంబర్ 19

అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను అమ్మని కూడా కాదు.

తాళంచెవి ఇచ్చినప్పుడు నాన్న ఒక్కమాట అని ఉండొచ్చు: పెద్దోడా, నువ్వెలా చేసేవాడివో వీడికి చెప్పు అని. అనలేదు. అంటే నేను చేసింది ఒక పని కాదు, నాకు తెలిసింది ఒక విద్య కాదు. అలాంటప్పుడు చెప్పడానికి నా దగ్గర ఏముంది? గాలి కొట్టే పాక ఉంది.

నన్నెవరూ అడగలేదు.

జనవరి 11

ఇవాళ చెప్పేద్దామని బయల్దేరాను.

రెండు రాత్రులుగా నిద్ర సరిగ్గా లేదు. గొర్రెలు ఈనడం మొదలైంది, కొట్టంలో చెమ్మ ఇంకా ఎక్కువై ఉంటుంది. తమ్ముడితో పంతం తమ్ముడితోనే, నాన్న మోకాలితో నాకేం పంతం అనుకున్నాను. పట్టా చుట్టి భుజాన వేసుకున్నాను, ఆయిల్ డబ్బా పట్టుకున్నాను. సైరా గుమ్మంలో నిలబడి చూసింది. చిరిగిన పట్టా ఎప్పుడు అతుక్కుందని అడగలేదు, అది ఆవిడ మంచితనం.

తురాత్ గేటు తీసే ఉంది. కొట్టం తలుపు సందులోంచి వెలుగొస్తోంది, మాటలు వినిపిస్తున్నాయి. చూశాను. నాన్న పక్కతొట్టిలో కూర్చుని ఉన్నాడు. బొచ్చుకోటు వేసుకుని, అప్పుడే పుట్టిన గొర్రెపిల్లని ఒళ్లో పెట్టుకుని. తురాత్ బండి మీద ఎక్కి, హ్యాండిల్ పట్టుకుని, నోటితో ఇంజన్ చప్పుడు చేస్తున్నాడు. ముప్పై రెండేళ్లవాడు. నాన్న "వాగొచ్చింది, నెమ్మది" అంటున్నాడు. వాడు పక్కకి ఒరుగుతున్నాడు. నాన్న నవ్వుతున్నాడు. పళ్లు లేని నోటితో, కళ్లు మూసుకుని, ఒళ్లంతా ఊగేలా.

అంటే బండిని అక్కడ పెట్టింది ఇందుకు. చలికాలమంతా నాన్న వచ్చి కూర్చోవడానికి.

నేను ఎన్ని వేసవులు ఆయన్ని ఆ తొట్టిలో కొండెక్కించాను. నిజం వాగు, నిజం కనుమ. ఒక్కసారి అలా నవ్వాడా? "గుంత చూసుకో" అనేవాడు. ఇంకేమీ అనేవాడు కాదు.

వెనక్కి వచ్చేశాను. పట్టా మళ్లీ పాకలో పెట్టాను.

జనవరి 12

నడుపుకోనీ. కొట్టంలోనే నడుపుకోనీ.

ఫిబ్రవరి 6

సైరా చెప్పింది, బురుల్ వాళ్ల కొట్టంలో ఎలుకలు ఎక్కువయ్యాయట. కొవ్వు నాకడానికి వస్తున్నాయట, తొట్టి సీటు కూడా కొరికాయట. నాకు నవ్వొచ్చింది. పైకే నవ్వాను.

"అందులో నవ్వేందుకేముంది?" అంది.

ఏం లేదన్నాను. "మీకేదో తెలుసు. తెలిసింది చెప్పకుండా కూర్చుంటే కడుపులో పుండవుతుంది, తర్వాత నా చేతే కషాయాలు కాయిస్తారు" అంది.

ఇప్పుడు చెబితే డిసెంబర్‌లో ఎందుకు చెప్పలేదంటారు. డిసెంబర్‌లో చెప్పి ఉంటే కుళ్లుబోతు అనేవాళ్లు. ఎటు చూసినా నాకే మాట.

అయినా కొవ్వు మందంగానే పూశాడు. ఏమీ కాకపోవచ్చు. ఈ మాట రాసి మూడుసార్లు చదువుకున్నాను.

మార్చి 21

నూరుజ్, కొత్త ఏడాది పండగ. అందరం నాన్న దగ్గరికి వెళ్లాం. పెద్ద గంగాళంలో గోధుమ మొలకల పాయసం ఉడుకుతోంది, ఆడవాళ్లు వంతులవారీగా కలుపుతున్నారు. నాన్న హుషారుగా ఉన్నాడు. మే నెల మొదట్లోనే కొండెక్కేస్తానని, ఈసారి మొదటి గుర్రప్పాలు పులిసేనాటికి అక్కడే ఉంటానని వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. వేసవిలో కిందే ఉండిపోతే ఊపిరాడదన్నాడు. ఈ మాట అన్నప్పుడు నవ్వలేదు.

ఇప్పుడైనా చెప్పొచ్చు, ఇవాళే బయటికి లాగించి ఇంజన్ విప్పి శుభ్రం చేస్తే ఇంకా మించిపోయింది లేదు అనుకున్నాను. నోరు తెరిచాను కూడా. "నాన్నా, బండి..." అన్నాను.

"బండి గురించి నువ్వు బెంగపెట్టుకోకు. ఈసారి చిన్నోడు నడుపుతాడు" అన్నాడు. తర్వాత పక్కనున్న ముసలాళ్ల వైపు తిరిగి, "మా పెద్దోడు నడిపితే ఎద్దు మీద పోయినట్టుంటుంది. చిన్నోడు గుర్రంలా తోలతాడు" అన్నాడు. అందరూ నవ్వారు. తురాత్ ఒక్కడే నవ్వలేదు, "అన్న నడిపితేనే కదా ఇన్నాళ్లూ క్షేమంగా దిగావు" అన్నాడు. వాడి సమర్థింపు ఒకటి నాకు తక్కువైంది.

పాయసం బాగుంది. రెండు గిన్నెలు తిన్నాను.

ఏప్రిల్ 16

బండి బయటికి తీశారు. నేను పొలంలో ఉండాల్సింది, ట్రాక్టర్ ఆపి వెళ్లాను. చూడాలనిపించింది. ఎందుకని అడిగితే చెప్పలేను.

తురాత్ కొవ్వు గీకుతుంటే కింద నుంచి రంగు పొరలు పొరలుగా లేచి వచ్చింది. చక్రం ఊచలు ఎర్రగా ఉన్నాయి. కింద తీగలు ఎలుకలు కొరికి రాగి బయటపడింది. వాడి ముఖం పాలిపోయింది, కానీ నాన్న కర్ర ఊతగా వచ్చి నిలబడ్డాడని, "పైపైనే నాన్నా, తుడిస్తే పోతుంది" అన్నాడు. తీగలు ముడేశాడు, ఇంట్లోంచి బ్యాటరీ తెచ్చి బిగించాడు. కిక్ కొడితే కాలు దిగలేదు. నిలబడి తొక్కాడు. రాయి మీద తొక్కినట్టుంది.

పక్కింటి జీపుకి తాడు కట్టి లాగుదామన్నారు ఎవరో. పట్టేసిన ఇంజన్ని లాగితే ఏమవుతుందో నాకు తెలుసు. ఈసారి అరిచాను. "ఆపండి, లాగొద్దు" అని పరుగెత్తాను. జీపు చప్పుడులో ఎవరికీ వినపడలేదు. వాడు గేరు వేశాడు. లోపల ఏదో ఫట్‌మని విరిగింది. బండి కింద నల్లగా ఆయిల్ కారింది.

నాన్న కర్ర మీద బరువు ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్నాడు.

ఏప్రిల్ 18

ట్రాక్టర్ వెనక ట్రాలీలో బండిని నారిన్ పట్నానికి తీసుకెళ్లాం, నేనూ తురాత్. నాన్న కూడా వస్తానని పట్టుబట్టి ఎక్కాడు.

మెకానిక్ ఇంజన్ విప్పి చూపించాడు. సిలిండర్ల లోపల గోడలు తుప్పు తినేసి గుంటలు పడ్డాయి. కడ్డీ విరిగి ఇంజన్ పెట్టె పగిలింది. ఈ పాత రకానికి సామాను ఎక్కడా లేదు, వెతికించినా ఈ వేసవికి బండి లేవదన్నాడు. తర్వాత చేతులు తుడుచుకుంటూ, "లోపల మిగతా సామాను చూస్తే ముచ్చటేస్తోంది. ఇన్నేళ్లూ దీన్ని చలికాలం దాచినవాడెవడో పని తెలిసినవాడు. ఈ ఒక్క ఏడాది ఏం పొయ్యేకాలం వచ్చింది?" అన్నాడు.

ఎన్నేళ్ల నుంచి ఎదురుచూశాను ఆ మాట కోసం, నాన్న వింటుండగా ఎవరైనా అనాలని. అన్నాడు. నాన్న విన్నాడు. తల తిప్పి నన్ను చూశాడు.

తురాత్ అక్కడే నేల మీద చతికిలబడ్డాడు. "నాకు తెలీదు నాన్నా. వెచ్చగా ఉంటే మంచిదనుకున్నా" అన్నాడు. తర్వాత అన్నాడు, "గుర్రాన్ని కోసిన రోజు అన్న కూడా వచ్చి చూశాడు. చెయ్యి పెట్టి మరీ చూశాడు. ఏమీ అనలేదు. అందుకే నేను ధైర్యంగా ఉన్నా. ఏదైనా తేడా ఉంటే అన్న చెప్పకుండా ఉంటాడా?"

వాడు నిష్ఠూరం ఆడలేదు. నా వైపు చూసి, నేను కూడా బాధపడుతున్నానని నా చెయ్యి పట్టుకున్నాడు.

నాన్న నన్నింకా చూస్తూనే ఉన్నాడు. ఆయనకి అంతా అర్థమైందని ఆ చూపులోనే తెలిసింది. నేను దాన్ని చూశాను, ఆయన నేను చూడటం చూశాడు. ఇక చెబుతాడనుకున్నాను. చెప్పేస్తే బాగుండుననుకున్నాను కూడా.

"చీకటి కొట్టంలో అన్నకేం కనిపిస్తుందిరా. కొవ్వు పూసి ఉంది కదా, ఎవరికైనా తెలీదు. లే, లేచి అన్నకి సాయం పట్టు" అన్నాడు.

ఏప్రిల్ 19

ఆ అబద్ధం నా కోసం ఆడాడని రాత్రి కాసేపు అనుకున్నాను. మనసు తేలికైంది. పెద్దకొడుకు పరువు కాపాడాడు అనుకున్నాను.

కాదు. వాడి కోసం ఆడాడు. అన్న ఇలాంటివాడని తెలిస్తే చిన్నోడి మనసు విరిగిపోతుందని. నన్ను కాచింది కూడా వాణ్ని కాయడానికే.

ఇప్పుడు కూడా కుళ్లుకుంటున్నాను. బండి పోయింది, నాన్న వేసవి పోయింది, నేను ఇక్కడ కూర్చుని ఆ అబద్ధం ఎవరి వాటా అని లెక్కలు చూస్తున్నాను.

మే 12

మంద కొండెక్కింది. తురాత్, బురుల్, పిల్లలు, గుడారం, గంగాళాలు, కుక్కలు. ఇంటికి తాళం పడింది కనక వేసవంతా నాన్న నా ఇంట్లో ఉండాలి. పెళ్లయి వేరుపడ్డ నాటి నుంచీ ఆయన నా కప్పు కింద ఒక్క రాత్రి పడుకోలేదు. ఇప్పుడు శరత్కాలం దాకా ఉంటాడు.

తురాత్ గుర్రం ఎక్కేముందు నన్ను కౌగిలించుకుని, "నాన్న నీ దగ్గరుంటే నాకు నిశ్చింత అన్నా" అన్నాడు.

నాన్నకి కిటికీ పక్క మంచం వేశాం. సైరా మెత్తటి పరుపు తీసింది. ఆయన పరుపు బాగుందన్నాడు.

మే 13

నాన్న మా ఇంట్లో ఉన్నాడు.

మే 27

తిండి తగ్గించేశాడు. పొద్దున అరుగు మీద కూర్చుంటాడు. మా అరుగు నుంచి కనుమ కనిపించదు, ఎదురింటి గడ్డివాము అడ్డం. కుర్చీ వీధి చివరకి మార్చనా అని అడిగాను. వద్దన్నాడు. మాట్లాడడా అంటే మాట్లాడతాడు. టీ అంటాడు, వాన వస్తుందంటాడు, ట్రాక్టర్ ఎలా ఉందని అడుగుతాడు. నేను రోజూ పనయ్యాక వచ్చి ఆయన పక్కనే కూర్చుంటున్నాను, చిన్నప్పటి నుంచీ నాకు కావాల్సింది ఇదే కదా. మధ్యలో ఎవరూ లేరు. ఇద్దరమే.

సైరా నన్ను ఒక్క ప్రశ్నా అడగలేదు. కషాయం కాచి గిన్నె పక్కన పెట్టి వెళ్తోంది.

జూన్ 8

కొండ మీంచి ఒక గుర్రపు రౌతు వచ్చాడు. తురాత్ తోలుసంచి పంపాడు, ఈ ఏటి మొదటి గుర్రప్పాలు, బాగా పులిసినవి. రౌతు తురాత్ మాటలుగా అప్పజెప్పాడు: మొదటి గిన్నె నాన్నకట, రెండోది నాన్నని చూసుకుంటున్న అన్నకట, తర్వాతే మిగతా ఎవరికైనా. అన్న లేకపోతే ఈ ఏడు తానేమైపోయేవాడినో అని కూడా చెప్పమన్నాడట.

సైరా రెండు గిన్నెలు నింపి తెచ్చింది. నాన్న తన గిన్నె రెండు చేతులా అందుకుని ముందు వాసన చూశాడు. చాలాసేపు చూశాడు. కళ్లు మూసుకున్నాడు. తర్వాత నెమ్మదిగా ఒక గుక్క తాగి గిన్నె కింద పెట్టాడు. కొండ మీద తాగాల్సిన పాలు.

నా గిన్నె నేను ముట్టుకోలేదు. పొద్దుట్నుంచీ కడుపు బాగాలేదన్నాను.

నాన్న వంగి ఆ గిన్నెని వేళ్లతో నా ముందుకి జరిపాడు. ఒక్క చుక్క ఒలకలేదు.

"తాగు. తమ్ముడు నీకు పంపాడు" అన్నాడు.

గిన్నె ఎత్తాను. నేను తాగేదాకా ఆయన చూపు తిప్పలేదు. అడుగు కనిపించేదాకా తాగాను. ఖాళీ గిన్నె కింద పెడితే, దాన్ని చూసి, సంచి అందుకుని మళ్లీ నింపాడు.